కొండ తోటల్లో ఆఫ్‌రోడ్ ట్రాక్‌లు: అధికారులకు, తోటల యజమానులకు, వాహనదారులకు కాఫీ రైతుల బహిరంగ లేఖ

ఏజెన్సీ ప్రాంతంలో రెవెన్యూ, అటవీ, పర్యాటక, రవాణా శాఖల బాధ్యతలు చూస్తున్న అధికారులకు, కొండవాలు తోటల్లో ఆఫ్‌రోడ్ ట్రాక్‌లు (రోడ్డు లేని చోట సరదాకు బండి నడిపే దారులు) నడుపుతున్న యజమానులకు, వాటిమీద బండి నడపడానికి సెలవు రోజుల్లో తరలివస్తున్న వాహనదారులకు నమస్కారం.

మేము విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలోని అనంతగిరి కొండల మీద కాఫీ, మిరియాలు, చోడి (రాగి), పసుపు పండించుకునే గిరిజన రైతులం. మా ఊరికి పైనున్న ఒక తోటను కొంతకాలంగా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే) వాహనాలు నడిపే ట్రాక్‌గా మార్చి, బయటినుంచి వచ్చేవారి దగ్గర రుసుము తీసుకుంటున్నారు. దీనివల్ల దిగువనున్న పొలాలకు, ఊటకు, కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లాలకు జరుగుతున్న నష్టాన్ని వివరిస్తూ సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాము. రసీదు చేతికొచ్చింది గాని, స్థలం చూడటానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. తోట నడిపేవారితో నేరుగా మాట్లాడితే, తమ హద్దులో తాము చేసుకుంటున్న పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నారు. ఇక అందరి ముందూ చెప్పుకోవడం తప్ప దారి కనబడక ఈ లేఖ రాస్తున్నాము. ఒకరిని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు కాబట్టి తోట పేరు, కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మేము వాహనాలకు గాని, పర్యాటకులకు గాని వ్యతిరేకులం కాము. వారపు సంతకు సరుకు దించాలన్నా, పిల్లల్ని హాస్టల్లో దింపాలన్నా మాకు సర్వీసు జీపే దిక్కు. లంబసింగి చలికి, వంజంగి మేఘాలకు, అరకు వలిసె పూలకు వచ్చేవారివల్ల మా పిల్లలు కొందరు డ్రైవర్లుగా, గైడ్లుగా, వంటవాళ్లుగా నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు. మా అభ్యంతరమంతా ఒక్కటే: కొండ మీద గీసిన దారి తోట హద్దు దగ్గర ఆగదు. అక్కడ పడిన వాన, అక్కడ లేచిన మన్ను, అక్కడ కారిన ఆయిలు వాలు వెంట కిందికే వస్తాయి. లాభం పైనున్నవారికి, నష్టం కిందనున్నవారికి చేరే ఈ ఏర్పాటుకు కిందనున్నవారి సమ్మతి ఎవరూ అడగలేదు.

జరుగుతున్నది ఇది.

1. తాగునీరు. మన్యంలో చాలా గూడేలకు వచ్చినట్టే మా ఊరికీ గ్రావిటీ పథకం ద్వారా నీళ్లొస్తాయి. కొండమీద ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, మోటారు అవసరం లేకుండా వాలు మీదుగా పైపు వేసి ఊళ్లోని కుళాయికి దింపుతారు. కొత్తగా వేసిన ట్రాక్ ఒక మలుపులో ఆ ఊట నీరు పారే గెడ్డను (కొండ వాగును) దాటుతుంది. నీళ్లలోంచి వేగంగా దూసుకుపోతూ రెండు వైపులా నీరు ఎగజిమ్మేటప్పుడు వీడియోలు తీసుకోవడానికి అక్కడ ప్రత్యేకంగా ఆగుతున్నారు. ఒక వరుస బళ్లు దాటేసరికి గెడ్డ అడుగున పేరుకున్న ఒండ్రు లేచి తొట్టిలోకి చేరుతుంది. ఆ పూట కుళాయి తిప్పితే నీరు మొదట ఎర్రగా, తరవాత టీ రంగులో వస్తుంది. తేటపడటానికి చాలాసేపు పడుతుంది. బిందె కాసేపు కదపకుండా ఉంచి నీళ్లు వంచేస్తే, అడుగున వేలికి అంటుకునేంత సన్నటి మన్ను పొర మిగులుతోంది. పైపు వంపుల్లో ఆ మన్ను చేరి నీళ్లు ఆగిపోయినప్పుడల్లా ఊరి కుర్రాళ్లు పని మానుకుని కొండెక్కి, జాయింట్లు విప్పి కడిగి మళ్లీ బిగించాల్సి వస్తోంది. ఆ నీళ్లతోనే అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వండుతారు. ఆ నీళ్లే బాలింతలు తాగుతారు. నీళ్లవల్ల వచ్చే జ్వరాలు, విరేచనాలు మన్యానికి ఏ వానాకాలం వచ్చినా కొత్త కాదు. వాటికి తోడు ఎండాకాలంలోనూ నీరు చెడగొట్టుకోవలసిన అవసరం మాకు లేదు.

ఈ నీరు మా ఊరితో ఆగదు కూడా. గోస్తనీ నది ఈ అనంతగిరి కొండల్లోనే పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. విశాఖపట్నం నగరం తాగే నీళ్లలో, విజయనగరం జిల్లా పొలాలు తడిసే నీళ్లలో ఆ జలాశయానికి భాగముంది. కొండ మన్ను జలాశయం అడుగున చేరేకొద్దీ అందులో నీరు నిలిచే చోటు తగ్గుతుంది. ఒక్క ట్రాక్‌తో జలాశయం పూడిపోతుందని మేము అనడం లేదు. కానీ ప్రతి కొండవాలు మీదా ఇలాంటి దారులు వేసుకుంటూ పోతే, చివరికి ఆ లెక్క నగరంలోని కుళాయి దగ్గరే తేలుతుంది.

2. నేల కోత. కొండల్లో కాలిబాట గాని, ఎడ్లబాట గాని వాలుకు అడ్డంగా చుట్టు తిరుగుతూ ఎక్కుతుంది. పెద్దవాళ్లు అలా వేయడానికి కారణముంది. నీరు ఆ బాటను పట్టుకుని పరుగెత్తదు. ఆఫ్‌రోడ్ ట్రాక్‌లో మాత్రం సవాలుగా ఉండాలని ఏటవాలును నిలువునా కోసి, బండి ముక్కు ఆకాశం వైపు లేచేలా ఎక్కిస్తారు. టైర్లు అక్కడే తిరిగి జారడంతో పైనున్న మెత్తటి మన్ను చెదిరిపోతుంది, అడుగునున్నది బండి బరువుకు గట్టిపడి నీటిని ఇంకనివ్వదు. జూన్‌లో వాన పడగానే ఆ టైరు గాడులే కాలువలవుతాయి. ఒక వానకు జానెడు, మరో వానకు మోకాలి లోతు, ఆ తరవాత మనిషి దిగి నిలబడేంత గండి. గాడి లోతయ్యాక బళ్లు పక్కనుంచి కొత్త గాడి చేసుకుంటాయి, దారి ఏటికేడు వెడల్పవుతుంది. కొట్టుకొచ్చిన మట్టి, రాళ్లు మా మెట్ల పొలాల గట్లు తెంపి చోడి నారు మీద పడ్డాయి. పశువుల పేడ, ఆకు చెత్త వేసి ఏళ్ల తరబడి తయారు చేసుకున్న పైమన్ను ఒక్క రాత్రిలో పోతే, దాన్ని ఏ పరిహారమూ తిరిగి తేలేదు.

3. కాఫీ మొక్కలు, నీడ చెట్లు. అరబికా కాఫీకి మేత తీసుకునే సన్నని వేళ్లు ఎక్కువగా పై అడుగు లోతులోనే ఉంటాయి. మొక్కల వరుసకు ఆనుకుని బండి పోతే ఆ వేళ్లు నలిగిపోతాయి, మొక్క ఆకు పచ్చగానే ఉంచుకుని కాపు తగ్గించేస్తుంది. ట్రాక్ వెడల్పు కోసం నీడ చెట్లు కొట్టేయడం ఇంతకన్నా పెద్ద నష్టం. కాఫీకి తెల్ల కాండంతొలుచు పురుగు నీడలో కన్నా ఎండ తగిలే మొక్కలకే ఎక్కువగా పడుతుంది. అది పట్టిన మొక్కను పీకి కాల్చడం తప్ప గత్యంతరం లేదు. పై తోటలో నీడ తీసేస్తే పురుగు అక్కడ పెరిగి మా తోటలకు దిగుతుంది. పురుగుకు హద్దురాళ్లు తెలియవు గదా.

ఇరుక్కున్న బండిని లాగడానికి వించ్ (బండికి బిగించిన, తాడు చుట్టి లాగే యంత్రం) ఇనప తాడును నేరుగా నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ మాను చుట్టూ కట్టి లాగుతున్నారు. మా హద్దులో ఉన్న ఒక చెట్టుకు అలా కట్టిన చోట బెరడు చుట్టూ ఉంగరంలా తెగిపోయి లోపలి తెల్ల కర్ర బయటపడింది. ఆ మాను మీద పాకిన మిరియాల తీగ అదే ఎత్తులో తెగింది. తెగిన చోటికి పైన గుత్తులు పచ్చిగానే వడిలి నల్లబడ్డాయి. మిరియాల తీగ నాటిన తరవాత కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. బండి బయటపడింది, వాళ్లు వెళ్లిపోయారు.

4. కళ్లాలు. కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది. పర్యాటకులు ఎక్కువగా వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. పండు కోసిన రోజే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఆ పార్చ్‌మెంట్ గింజను (పలుచని పొట్టుతో ఉన్న గింజను) వారం పది రోజులు ఎండలో తిప్పుతూ ఆరబెట్టాలి. ఆరుతున్న కాఫీ గింజ చుట్టుపక్కల వాసనను పీల్చుకుంటుంది. దారి పక్కనున్న కళ్లాల మీద రోజంతా ఎర్ర దుమ్ము, డీజిలు పొగ పడితే కొనేవాళ్లు రుచి చూసి రెండో రకం కింద కడతారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడేది కళ్లం దగ్గర ఆడవాళ్లు రాళ్లు, నల్ల గింజలు ఏరుతూ నడుము వంచి చేసే పనివల్ల.

5. కాయతొలుచు పురుగు. 2025లో అరకు ప్రాంతపు కాఫీ తోటల్లో ఈ పురుగు కనబడింది. పురుగు పట్టిన కాయల్ని కోసి నాశనం చేయించారు, రైతులు నష్టపోయారు. పురుగు ఉన్న కాయలు గోనెసంచుల్లో, బళ్లలో ఒక చోటినుంచి మరో చోటికి చేరితే పురుగూ చేరుతుంది. ఇతర రాష్ట్రాల కాఫీ తోటల్లో తిరిగి, టైర్ల మధ్య ఆ బురద, ఆ రాలుకాయలతోనే వచ్చే వాహనాన్ని ఇక్కడి తోట మధ్యలోకి పంపేముందు కడిగించే ఏర్పాటు మేము ఎక్కడా చూడలేదు.

6. మనుషుల భద్రత. తెల్ల నంబరు ప్లేటున్న సొంత వాహనాల్లో పర్యాటకుల్ని డబ్బుకు ఎక్కిస్తున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయికి తిప్పే బండికి పర్మిట్ ఉండాలి. పోటీలు, వేగ పరీక్షలు పెట్టినప్పుడు జరిగే నష్టాన్ని మామూలు బీమా పాలసీలు భరించవు. బండి తిరగబడితే గాయపడిన ప్రయాణికుడికి గాని, కింద కలుపు తీస్తున్న కూలీకి గాని ఎవరు జవాబుదారీ? ఎత్తునుంచి టైరు కదిలించిన ఒక బండరాయి మేకలు మేపుకునే పిల్లవాడికి కొద్ది దూరంలో పడింది. దెబ్బ తగల్లేదు కాబట్టి అది ఏ రికార్డులోనూ లేదు.

7. దారి లేని గూడేలు. మా పక్క కొండ మీద గూడెంలో గర్భిణికి నొప్పులు వస్తే ఈనాటికీ డోలీ కట్టి మోసుకు రావాల్సిందే. అక్కడికి రోడ్డు ఎందుకు వేయలేదని అడిగితే నిధులు, అటవీ అనుమతులు అంటారు. ఆ మాటల్లో నిజం ఉండవచ్చు. అయితే అలాంటి కొండ మీదే సరదాకు దారి కోయడానికి యంత్రం రోజుల్లో వచ్చింది. అవసరానికి అడిగిన దారికి వర్తించే నిబంధనలు సరదాకు వేసిన దారికి ఎందుకు వర్తించలేదో మా గూడేల ప్రజలకు అధికారులు చెప్పాలి.

ఇక తమ హద్దు, తమ ఇష్టం అన్న మాట. ఇది గిరిజన ప్రాంతాల రక్షణకు ఉద్దేశించిన రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించి తెచ్చిన వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులకు భూమి అమ్మినా, లీజుకిచ్చినా చెల్లదు. ఈ అనంతగిరి ప్రాంతపు భూముల విషయంలోనే సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టిగా నిలబెట్టింది. గిరిజనుడి పేరున పట్టా ఉంచి, వ్యాపారం వేరొకరు నడిపించే ఒప్పందాలు ఆ చట్టం ముందు ఎంతవరకు నిలుస్తాయో రెవెన్యూ అధికారులు కాగితాలు తెప్పించుకుని చూడాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం ఊరి అభివృద్ధి పనులను ఆమోదించే అధికారాన్ని గ్రామసభకిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షను నీటి వనరుల్ని, వాటి పరీవాహక ప్రాంతాల్ని కాపాడే బాధ్యతను గ్రామసభ మీద పెట్టింది. ట్రాక్‌లో కొంత భాగం అటవీ భూమిలోకి వెళ్లిందని మాకు అనుమానం ఉంది; సర్వే చేస్తే తేలిపోతుంది. అటవీ భూమే అయితే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి లేకుండా అక్కడ ఇలాంటి పని జరగడానికి వీల్లేదు.

మేము అడుగుతున్నది కొత్తదీ కాదు. కేరళలోని ఇడుక్కి జిల్లా వాగమన్‌లో 2022 మే నెలలో ఒక తేయాకు తోటలో ఆఫ్‌రోడ్ పోటీ జరిగినప్పుడు, అనుమతి లేదని మోటారు వాహనాల శాఖ చర్య తీసుకుంది. పంట కోసం ఇచ్చిన తోట భూమిని వేరే పనికి వాడుతున్నారన్న ఫిర్యాదు కూడా అప్పుడు వచ్చింది. అదే జిల్లాలో 2025 జూలైలో మున్నార్ దగ్గర జీపు ప్రమాదం జరిగాక, జిల్లా యంత్రాంగం జీపు సఫారీలను ఆపించింది. అక్కడ ప్రాణం పోయాక కదిలారు. ఇక్కడ ముందే కదలమని కోరుతున్నాము.

అందుచేత మా డిమాండ్లు ఇవి.

1. వర్షాలు మొదలయ్యేలోపు రెవెన్యూ, అటవీ, రవాణా, గ్రామీణ నీటి సరఫరా విభాగాల అధికారులు కలిసి వచ్చి ట్రాక్‌ను, ఊటను, దిగువ పొలాలను మా సమక్షంలో పరిశీలించాలి. నివేదికను గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా ఆ ట్రాక్‌ను నిలిపివేయాలి.

2. ఏజెన్సీలో ఏ కొండ తోటలోనైనా ఆఫ్‌రోడ్ దారి వేయాలంటే గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయాలి. తోట ఉన్న ఊరి గ్రామసభతో పాటు, ఆ నీరు దిగే ఊళ్ల గ్రామసభల సమ్మతి కూడా తీసుకోవాలి. ఈ రెండో భాగం లేకపోతే మొదటిదానివల్ల మాకు ఉపయోగం లేదు.

3. ట్రాక్‌లు నిలువు వాలులో వేయకూడదు. వాలుకు అడ్డంగా వేసి, తగినంత దూరానికొకసారి నీటిని పక్కకు మళ్లించే అడ్డుకట్టలు పెట్టాలి. ఊటలకు, తాగునీటి తొట్లకు పైన ఎక్కడా దారి ఉండకూడదు. గెడ్డ దాటవలసి వస్తే తూములు వేసి పైనుంచి దాటాలి గాని నీళ్లలోంచి దాటకూడదు.

4. జూన్ నుంచి అక్టోబరు వరకు, అంటే నేల తడిగా ఉన్నన్నాళ్లూ, ట్రాక్‌లు మూసి ఉంచాలి. కోత నెలల్లో కళ్లాల పక్క దారుల మీద ఆఫ్‌రోడ్ బళ్లను అనుమతించకూడదు.

5. డబ్బుకు ఎక్కించే ప్రతి బండికీ పర్మిట్, ఫిట్‌నెస్, ప్రయాణికులకు వర్తించే బీమా ఉన్నాయో లేదో రవాణా శాఖ తనిఖీ చేయాలి. వించ్ తాడు చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి బెల్టు వాడటం, తోటలోకి వచ్చేముందు టైర్లు కడగడం షరతులుగా పెట్టాలి.

6. అనుమతికి ముందే యజమాని దగ్గర డిపాజిట్ తీసుకోవాలి. దిగువ పొలాలకు, నీటి పథకానికి నష్టం జరిగితే అందులోంచి పరిహారం ఇచ్చి, కోసుకుపోయిన చోట గడ్డి, చెట్లు పెంచి నేలను నిలబెట్టాలి. మా ఊరికి ఇప్పటికే జరిగిన నష్టాన్ని కూడా ఈ లెక్కన అంచనా వేయించాలి.

7. డోలీ మోతలు సాగుతున్న గూడేలకు రోడ్ల ప్రతిపాదనలు ఏ దశలో ఉన్నాయో గూడేలవారీగా బయటపెట్టాలి.

తోటల యజమానులకు: కాఫీ ధర ఏ ఏడు ఎలా ఉంటుందో తెలియని చోట మరో ఆదాయం చూసుకోవడం తప్పని మేము అనము. నిబంధనల ప్రకారం, మా పిల్లల్నే డ్రైవర్లుగా పెట్టుకుని, వచ్చినదాంట్లో గ్రామసభకు కొంత వాటా ఇచ్చి నడిపితే ఆ దారి మరమ్మతుకు పలుగూ పారా పట్టుకుని మేమూ వస్తాము.

వాహనదారులకు: రుసుము కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. గ్రామసభ తీర్మానం ఉందా, ఈ దారి కింద ఎవరి నీళ్లున్నాయి, ప్రమాదం జరిగితే బీమా ఎవరిది? జవాబు రాని చోట బండి దింపకండి. మీరు రాకపోతే రేపటికి ఆ ట్రాక్ ఉండదు కాబట్టి, అధికారుల కన్నా ముందు దీన్ని సరిచేయగలిగేది మీరే.

అర్జీ నకలు, రసీదు, ఊట దగ్గర, తెగిన గట్ల దగ్గర తీసిన ఫొటోలు మా దగ్గర ఉన్నాయి. పరిశీలనకు వచ్చే తేదీ నాలుగు రోజుల ముందు తెలియజేస్తే పనులు ఆపుకుని, తొట్టి దగ్గరనుంచి ట్రాక్ చివరిదాకా మేమే నడిపించి చూపిస్తాము. నెల రోజుల్లో ఎవరూ రాని పక్షంలో గ్రామసభ పెట్టి, అటవీ హక్కుల చట్టం ఇచ్చిన అధికారంతో ఊట చుట్టూ వాహనాల రాకపోకలను నిషేధిస్తూ తీర్మానం చేసి, దాని ప్రతిని మళ్లీ మీకే పంపుతాము.

ఇట్లు,
అనంతగిరి కొండల కాఫీ రైతులు, గ్రామస్థులు